25 చుక్కలు, ఒకే గీత: ముగ్గును కోడ్‌లో రాయడం

కంప్యూటర్‌లో ముగ్గు వేయడానికి రెండు దారులున్నాయి. ఫోటో తీసి, దాని మీద మౌస్‌తో గీతలు దిద్దుకుంటూ పోవడం ఒకటి. ఆ ముగ్గు ఏ నియమం మీద నడుస్తోందో పట్టుకుని, ఆ నియమాన్నే కోడ్‌గా రాయడం రెండోది. మొదటి దారిలో చివరికి చేతికి వచ్చేది ఒక్క బొమ్మ. రెండో దారిలో, ఒకే పోలికలున్న వందల బొమ్మలు వస్తాయి. వాటిలో చాలావాటిని అంతకు ముందు ఎవరూ వేసి ఉండరు. జ్యామితి కళను కోడ్‌తో చేయడం అంటే అసలు సంగతి ఈ రెండో దారే.

ఈ విషయం మాట్లాడుకోవడానికి చెన్నై కంటే తగిన ఊరు దొరకదు. మార్గళి మాసం వస్తే మైలాపూర్ మాడ వీధుల నుంచి పెరంబూరు సందుల దాకా వాకిళ్లన్నీ కోలాలతో, అంటే తమిళుల ముగ్గులతో, నిండిపోతాయి. అదే నెలను ధనుర్మాసం అని పిలుచుకునే ఇక్కడి తెలుగు ఇళ్లలో పెద్దముగ్గులు మొదలవుతాయి. అదే ఊళ్లో ఐటీ కంపెనీలకు పేరుపడ్డ ఓఎంఆర్ రోడ్డు పొడవునా ఉన్న ఆఫీసుల్లో వేలమంది తెలుగు కుర్రాళ్లు రోజంతా కోడ్ రాస్తారు. వాళ్లలో ఎవరికైనా క్రియేటివ్ కోడింగ్, అంటే కోడ్‌తో కళ చేయడం, నేర్చుకోవాలని సరదా పుడితే, ట్యుటోరియల్‌లో చూపించిన వృత్తాలు, స్పైరల్స్‌తో మొదలుపెడతారు. హాస్టల్ గుమ్మం దాటగానే కాళ్ల కింద కనిపించేది అంతకంటే ఎంతో లోతైన జ్యామితి. దాన్ని జ్యామితిగా చూసే అలవాటు మనకు లేకపోవడం నిజంగా బాధపడాల్సిన విషయం.

ముగ్గుల పుస్తకంలో బొమ్మ కింద ఉండే ఒక్క లైను తీసుకుందాం. "15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు." ముగ్గు తెలిసినవాళ్లకు ఇంతకంటే ఏమీ చెప్పక్కర్లేదు. మధ్య వరుసలో 15 చుక్కలు పెట్టాలి. దానికి పైనా కిందా 14, తర్వాత 13, అలా ఒక్కొక్కటి తగ్గించుకుంటూ 8 దగ్గర ఆపాలి. ప్రతి వరుస చుక్కలూ ముందు వరుస చుక్కల సందుల్లో పడాలి. లెక్క వేస్తే మొత్తం 169 చుక్కలు, భుజానికి 8 చుక్కలున్న షడ్భుజి. ఆ ఒక్క లైనే పూర్తి ప్రోగ్రాం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఒక్కో అడుగుకు ఎంత తగ్గించాలి, ఎక్కడ ఆపాలి, వరుసను ఎంత జరపాలి, అన్నీ అందులోనే ఉన్నాయి. 9 నుంచి 5 వరకు అంటే 61 చుక్కల షడ్భుజి. సందు చుక్క బదులు ఎదురు చుక్క (చుక్కకు సరిగ్గా ఎదురుగా చుక్క) అని, 9 నుంచి పైకీ కిందకీ వరుసకు రెండేసి తగ్గిస్తూ 1 దాకా అంటే 41 చుక్కల డైమండ్.

దీన్ని కోడ్‌లోకి మార్చేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. సందు చుక్కలో పక్క పక్క చుక్కల దూరం ఎంతో, వరుసకూ వరుసకూ మధ్య దూరం అంతే పెడితే షడ్భుజి నిలువుగా సాగిపోతుంది. వరుసల దూరం చుక్కల దూరంలో 0.866 వంతు ఉండాలి, అంటే మూడు వర్గమూలంలో సగం. అప్పుడే ప్రతి చుక్కకూ దాని ఆరు పొరుగు చుక్కలు సమాన దూరంలో ఉంటాయి. వాకిట్లో ముగ్గు వేసే మనిషి ఈ సంఖ్య పేరు వినకపోయినా చుక్కల్ని దాదాపు అక్కడే పెడుతుంది. కంప్యూటర్‌కు మాత్రం చెప్పి తీరాలి.

ముగ్గుకూ కంప్యూటర్‌కూ ఉన్న ఈ చుట్టరికాన్ని చెన్నైలోనే చాలా ముందుగా గుర్తించారు. తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, వాళ్లతో కలిసి కమలా కృతివాసన్, కోలాలను వ్యాకరణంగా వర్ణిస్తూ 1974లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వాక్యాలు ఏ నియమాల మీద పుడతాయో చెప్పే గణితాన్ని వాళ్లు అడ్డం, నిలువు రెండు దిశల్లోనూ పెరిగే బొమ్మలకు విస్తరించారు. ఇంట్లో పర్సనల్ కంప్యూటర్ అనే మాటే లేని రోజులవి. కోలం వాళ్లకు కేవలం అలంకారంగా కనిపించలేదు. కొద్దిపాటి నియమాల నుంచి అంతులేని బొమ్మల్ని పుట్టించే పద్ధతిగా కనిపించింది. ఆ తర్వాత ఇలాంటి వ్యాకరణాలతో (ఫార్మల్ గ్రామర్లతో) బొమ్మల గురించి రాసినచోట కోలం ఉదాహరణగా తరచూ వస్తూనే ఉంది.

ఇక మెలికల ముగ్గు దగ్గరికి వద్దాం. తమిళంలో సిక్కు కోలం అనేది ఇదే. చుక్కల్ని కలపకుండా, వాటి చుట్టూ గీత మెలికలు తిరుగుతూ పోయి, మొదలైన చోటికే వచ్చి కలుస్తుంది. చూడగానే ఇది కోడ్‌కు లొంగదు అనిపిస్తుంది. కానీ ఆలోచించే తీరు కాస్త మారిస్తే ఆశ్చర్యం కలిగేంత తేలిక.

గీత గురించి ఆలోచించడం మానేసి, చుక్కల మధ్య ఖాళీల గురించి ఆలోచించాలి. 5 వరుసలు, వరుసకు 5 చుక్కలు ఉన్న చతురస్రం తీసుకుందాం. పక్కపక్కన ఉన్న ప్రతి రెండు చుక్కల మధ్యా ఒక గుమ్మం ఉందనుకుందాం. అడ్డంగా 20, నిలువుగా 20, మొత్తం 40 గుమ్మాలు. గుమ్మం తెరిచి ఉంటే గీతలోని రెండు పోగులు అక్కడ ఇంటూ ఆకారంలో ఒకదాన్నొకటి దాటి అవతలి చుక్క వైపు వెళతాయి. మూసి ఉంటే ఏ పోగు ఆ పోగు వెనక్కి మళ్లి తన చుక్కనే చుట్టుకుంటుంది. అంతే. మెలికల ముగ్గు మొత్తం ఈ 40 తెరుపు, మూతల జాబితా. కోడ్‌లో 40 ఒకట్లూ సున్నాలూ.

గీసే పని కూడా సులువవుతుంది. ప్రతి చుక్కకూ నాలుగు వైపులా నాలుగు గుమ్మాలు (అంచు చుక్కలకు బయటి వైపు మూసి ఉన్నట్టే) కాబట్టి దాని చుట్టూ వచ్చే ఆకారాలు 16 మాత్రమే. తిప్పి చూస్తే ఒకటే అయ్యేవాటిని కలిపేస్తే ఆరు మిగులుతాయి. నాలుగూ మూసి ఉంటే గుండ్రటి సున్నా. ఒకటి తెరిస్తే నీటిబొట్టు. ఎదురెదురుగా రెండు తెరిస్తే కన్ను. పక్కపక్కన రెండు తెరిస్తే ఒక మూల మాత్రం గుండ్రంగా తిరిగిన ఆకారం. మూడు తెరిస్తే ఒక వైపు మాత్రం వంగిన ఆకారం. నాలుగూ తెరిస్తే మొన మీద నిలబడ్డ డైమండ్. ఇక్కడ పాటించాల్సిన సూత్రం ఒక్కటే: ఏ ఆకారమైనా తెరిచిన గుమ్మం దగ్గర గీత కచ్చితంగా 45 డిగ్రీల వాలుతో బయటికి రావాలి. ఆ ఒక్కటి పాటిస్తే ఏ ఆకారం పక్కన ఏ ఆకారం పెట్టినా అతుకు కనపడదు. చాలామంది మొదట రాసిన కోడ్‌లో ముగ్గు విరిగినట్టు కనిపించడానికి కారణం ఈ వాలు తప్పడమే. అప్పుడు వాళ్లు గీత మందం మార్చి, రంగు మార్చి టెన్షన్ పడుతుంటారు. తప్పు అక్కడ ఉండదు.

గుమ్మాలన్నీ మూసేస్తే 25 విడి సున్నాలు. అన్నీ తెరిస్తే? ఇక్కడ చిన్నప్పటి బడి లెక్కల పుస్తకం పలకరిస్తుంది. గుమ్మాలన్నీ తెరిచి ఉన్న దీర్ఘచతురస్రంలో విడి గీతలు ఎన్ని వస్తాయంటే, వరుసల సంఖ్యకూ నిలువుల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో అన్ని. 4కు 5 వేస్తే ఒకటే గీత. 4కు 6 వేస్తే రెండు. 5కు 5 వేస్తే అయిదు. సరిసమానమైన చతురస్రంలో అన్నీ తెరిచేస్తే ముగ్గు ఒక్క గీతతో ఎప్పుడూ పూర్తికాదు, 1కి 1 తప్ప. అందుకే చతురస్రపు మెలికల ముగ్గుల్లో ఎక్కడో ఒకచోట గీత దాటకుండా వెనక్కి తిరిగే మలుపులు ఉంటాయి. అవి అందం కోసమే పెట్టారనుకుంటాం. ఒక్క గీతగా మిగలాలంటే అవి లేకుండా కుదరదు.

మలుపులు ఎన్ని కావాలి అన్నదీ లెక్క తేలేదే. రెండు వేరు వేరు గీతలు దాటుకునే చోట గుమ్మం మూస్తే ఆ రెండూ కలిసి ఒకటవుతాయి. ఒక్క గుమ్మం మార్చితే గీతల సంఖ్య ఒకటికి మించి తగ్గదు. కాబట్టి అయిదు గీతల్ని ఒకటి చేయడానికి కనీసం నాలుగు గుమ్మాలు మూయాలి. సరైన చోట్ల మూస్తే నాలుగు చాలు కూడా.

గీతలు ఎన్ని ఉన్నాయో కంప్యూటర్ ఎలా లెక్కపెడుతుంది? ఏదో ఒక పోగు పట్టుకుని నడవమంటే చాలు. తెరిచిన గుమ్మం వస్తే దాటాలి, మూసినది వస్తే మళ్లాలి, నడిచిన చోటల్లా గుర్తు పెట్టాలి. మొదలైన చోటికి వస్తే ఒక గీత పూర్తయినట్టు. ఇంకా గుర్తు పడని పోగు ఏదైనా ఉంటే అక్కడి నుంచి మళ్లీ మొదలు. ఒక్కో గీతకు ఒక్కో రంగు ఇస్తే ఎక్కడ ఏ గీత ఏ గీతను తాకుతోందో కంటికే తెలిసిపోతుంది. ఈ రంగుల మెట్టు దాటవేయకూడదు. నియమం అర్థమయ్యేది అక్కడే.

ఇంత తెలిశాక ఒక్క గీత ముగ్గుల్ని ఎడాపెడా పుట్టించే కిటుకు ఒకటుంది. 25 విడి సున్నాలతో మొదలుపెట్టి, ఇంకా కలవని రెండింటి మధ్య గుమ్మాన్ని మాత్రమే తెరుస్తూ పోవాలి. తెరిచిన ప్రతిసారీ రెండు గీతలు ఒకటవుతాయి. 24 గుమ్మాలు తెరిచేసరికి మిగిలేది ఒకే గీత. తప్పే ప్రసక్తి లేదు. పజిల్ పుస్తకాల్లోని చిక్కుదారుల్ని కంప్యూటర్‌తో తయారుచేసే ప్రసిద్ధ పద్ధతి అచ్చంగా ఇదే. మీట నొక్కితే ఒక కొత్త మెలికల ముగ్గు.

నొక్కి చూస్తే మాత్రం నిరాశ కలుగుతుంది. గీత ఒక్కటే, చుక్కలన్నీ చుట్టింది, నియమం ఎక్కడా తప్పలేదు, అయినా ముగ్గులా లేదు. ఒక తాడును ఎటుపడితే అటు పరిచినట్టు ఉంటుంది. కోడ్‌తో కళ చేసే ప్రతివాళ్లూ ఈ చోటికి వస్తారు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా. మీట నొక్కితే కొత్తది వస్తోంది కదా అని పది చోట్ల పోస్ట్ చేసి వదిలేస్తారు. నియమం సరిగ్గా ఉండటం వేరు, నియమం బాగుండటం వేరు. ఈ తేడా చెప్పగలిగేది ముగ్గు చూసి పెరిగిన కన్నే.

ఆ కన్ను ముందుగా అడిగేది సౌష్ఠవం. పావు వంతు తిప్పినా ముగ్గు అదే కనిపించాలి అనే షరతు పెడదాం. అప్పుడు 40 గుమ్మాలు నాలుగేసి చొప్పున 10 జట్లుగా కట్టుబడిపోతాయి. ఒకటి తెరిస్తే మిగతా మూడూ తెరుచుకోవాలి. షరతు లేనప్పుడు 40 గుమ్మాలతో సాధ్యమయ్యే ముగ్గులు 1,09,951 కోట్లకు పైనే. షరతు పెట్టాక మిగిలేవి 1,024 మాత్రమే. ఒక్క పెద్ద కాగితం మీద 32 వరుసలు, వరుసకు 32 చొప్పున అన్నిటినీ ముద్రించి ఒక మధ్యాహ్నం కూర్చుని చూడొచ్చు. స్వేచ్ఛ తగ్గించిన కొద్దీ బొమ్మలు బాగుపడటం ఈ కళలో అడుగడుగునా కనిపించే సంగతి.

ఆ 1,024లో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నట్టనడుమ ఒంటి చుక్క. దాని చుట్టూ 2కు 3 చుక్కల దీర్ఘచతురస్రాలు నాలుగు, ఒకటి అడ్డం, ఒకటి నిలువు, గాలిమర రెక్కల్లా అమర్చాలి. ఆరు నాలుగులు ఇరవై నాలుగు, నడిమిది ఒకటి, మొత్తం 25. 2కూ 3కూ గ.సా.భా. ఒకటే కనుక ప్రతి రెక్కలోనూ గుమ్మాలన్నీ తెరిస్తే ఒక్కో గీత. నాలుగు రెక్కలకు నాలుగు, నడిమి చుక్కకు ఒక సున్నా, వెరసి అయిదు గీతలు. నడిమి చుక్క నాలుగు వైపులా నాలుగు వేరు వేరు రెక్కలు తగులుతాయి. ఆ నాలుగు గుమ్మాలూ తెరిస్తే అయిదూ కలిసి ఒక్కటే గీత. 40లో 32 తెరిచి, 8 మూసిన ఈ ముగ్గు నిండుగా ఉంటుంది, పావు తిప్పినా మారదు, ఒక్క గీతతో పూర్తవుతుంది. అద్దంలో చూస్తే మాత్రం రెక్కలు ఎదురు దిశలో తిరుగుతాయి, ఆ ఒక్క సౌష్ఠవాన్ని వదులుకుంది. 2, 3, 5 అన్నవి ఫిబొనాచీ వరసలోని సంఖ్యలు, ముందున్న రెండిటినీ కూడితే తర్వాతది వచ్చే వరస అది. ఆ వరసతో పెద్ద పెద్ద కోలాలు కట్టే పద్ధతిని భౌతిక శాస్త్రవేత్త ఎస్. నారణన్ వివరంగా రాశారు.

గుమ్మాల పద్ధతి కాక ఇంకో దారి అక్షరాల్ని పెంచుకుంటూ పోవడం. మొక్కల ఎదుగుదలను వర్ణించడానికి హంగరీ జీవశాస్త్రవేత్త అరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో దీన్ని ప్రతిపాదించారు. కృష్ణుడి అందెలు అనే కోలం దీనికి చక్కటి ఉదాహరణగా పరిశోధన రచనల్లో స్థిరపడింది. "మ" అంటే ఒక అడుగు ముందుకు, "త" అంటే 45 డిగ్రీలు తిరుగు, "గ" అంటే గీయడానికి ఏమీ లేదు, పెరగడానికి మాత్రమే అనుకుందాం. "త గ త త గ" అని మొదలుపెట్టి, ప్రతి "గ" స్థానంలోనూ "గ మ గ త త గ మ గ" పెట్టాలి. ఒక్కసారి చేస్తే 4 అడుగుల చతురస్రం. రెండోసారి చేస్తే 20 అడుగులు: రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు ఒకదాన్నొకటి దాటి, నాలుగు మూలల్లో చుట్టుకుని, ఒకే గీతగా అయిదు చుక్కల్ని పట్టుకుంటాయి. ఏ తెలుగింటి అమ్మాయి అయినా చిన్నప్పుడు మొట్టమొదట నేర్చుకునే మెలికల్లో ఇలాంటిది ఉంటుంది. మూడోసారికి 84 అడుగులు. పైథాన్ భాషతో పాటే వచ్చే టర్టిల్ అనే బొమ్మల పనిముట్టులో దీన్ని రాయడానికి ఇరవై లైన్లు కూడా పట్టవు.

కోడ్ కళ చరిత్రలో పడమటి పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. వాటి నుంచి నేర్చుకోవాల్సింది ఉంది కూడా. 1965లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గెయోర్గ్ నీస్ కంప్యూటర్ గీసిన బొమ్మల్ని ప్రదర్శనకు పెట్టారు. ఆ తర్వాత ఆయన చేసిన షోటర్ అనే బొమ్మలో వరుసకు 12 చొప్పున 22 వరుసల చతురస్రాలు ఉంటాయి. పైన బుద్ధిగా ఉన్నవి కిందకు వచ్చేకొద్దీ కొంచెం కొంచెంగా తిరిగి, జరిగి, చెదిరిపోతాయి. ర్యాండమ్ అనేది ఎంత మోతాదులో వాడాలో ఆ ఒక్క బొమ్మ నేర్పుతుంది. హంగరీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన వెరా మోల్నార్‌కు 1968లో గాని కంప్యూటర్ చేతికి అందలేదు. అంతకు ముందు ఏళ్ల తరబడి ఆమె తనకు తానే నియమాలు పెట్టుకుని, యంత్రం ఉన్నట్టే ఊహించుకుని, చేత్తో ఒక్కో బొమ్మా గీశారు. వాకిట్లో 15 నుంచి 8 వరకు చుక్కలు పెట్టే మనిషి చేసేదీ అదే పని. ఆ మాట చెప్పడానికి ఎవరూ మొహమాటపడాల్సిన అవసరం లేదు.

పనిముట్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 2001లో కేసీ రియాస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ప్రాసెసింగ్, దాని బాటలోనే లారెన్ మెకార్తీ బ్రౌజర్ కోసం తెచ్చిన పి5 రెండూ ఉచితం. స్క్రీన్ మీద నిలువు కొలత పై నుంచి కిందకు పెరుగుతుందన్న ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే సగం తికమకలు తప్పుతాయి. ఫలితాన్ని ఎస్‌వీజీగా (గీతల్ని చుక్కలుగా కాక కొలతలుగా దాచే ఫైలుగా) సేవ్ చేసుకుంటే ఎంత పెద్దగా ముద్రించినా గీత అంచు చెదరదు. గీతకు కృత్రిమంగా వణుకు జోడించి, చేత్తో వేసినట్టు కనిపించేలా చేయడం మాత్రం మంచి పద్ధతి కాదు. పిండి వేళ్ల మధ్య నుంచి జారేటప్పుడు గీత మందం మారడానికి కారణం ఆ చేయి, ఆ నేల. కారణం లేకుండా ఫలితాన్ని మాత్రమే అరువు తెచ్చుకుంటే అది వేషం అవుతుంది. స్క్రీన్ గీత స్క్రీన్ గీతలాగే నిక్కచ్చిగా ఉంటే దాని అందం దానికి ఉంటుంది.

అసలు కష్టం ముగ్గు పెద్దదైనప్పుడు మొదలవుతుంది. 7కు 7 తీసుకుంటే గుమ్మాలు 84. పావు తిప్పే సౌష్ఠవం పెట్టినా 21 జట్లు మిగులుతాయి, అంటే 20,97,152 ముగ్గులు. కూర్చుని చూసే లెక్క కాదు ఇది. ఏవి పనికిరావో కూడా కోడ్‌కే చెప్పాల్సి వస్తుంది. ఒకటి కంటే ఎక్కువ గీతలున్నవి తీసేయమనడం తేలిక. నాలుగు గుమ్మాలూ మూసుకుని ఒంటరిగా మిగిలిన చుక్కలున్నవి తీసేయమనడమూ తేలికే. గీత మలుపు లేకుండా మరీ ఎక్కువ దూరం పోయేవి, ఒక మూల కిక్కిరిసి ఇంకో మూల బోసిపోయేవి, మధ్య భాగానికీ అంచులకూ పొత్తు కుదరనివి, వీటిని ఏ కొలతతో ఏరివేయాలి? ఒక్కో కొలత రాసి, మిగిలినవాటిలో ఓ వంద ముద్రించి, ముగ్గు బాగా వచ్చినవాళ్ల ముందు పెట్టి, వాళ్లు పక్కన పెట్టినవాటిలో ఏ లక్షణం ఉందో చూసి, ఆ లక్షణాన్ని మళ్లీ కోడ్‌లోకి తేవాలి. ఈ పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే, చెన్నై లాంటి ఊళ్లో ఉన్నవాళ్లకు ఎక్కువ సాయం దొరికేదీ ఇక్కడే. కోడ్ రాసేవాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు. వంద ముగ్గులు చూసి, ఇవి నాలుగూ వాకిట్లో వేయొచ్చు, తక్కినవి వద్దు అని అక్కడికక్కడే చెప్పగలిగేవాళ్లు పక్కింట్లోనే ఉండే ఊళ్లు తక్కువ.